ముసుగు కింద మొవ్వు

పోయిన వారం మా అన్నయ్య గాస్పర్‌ని ఖర్జూరపు చెట్టు మీదే వదిలేసి వచ్చాను. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషిని వారమంతా మోకు మీద వేలాడదీసినందుకు మీరు నన్ను తిట్టుకునే ఉంటారు. ఇవాళ దించుతాను. దించాక జరిగింది విన్నాక, పైనే ఉండనివ్వాల్సిందని మీరే అంటారు.

కొత్తగా వచ్చినవాళ్లకి నాలుగు ముక్కలు చెప్పాలి. మాది ఎల్చే, ఖర్జూరపు తోటల ఊరు. మట్టల ఆదివారం నాడు ఊరూరా జనం చేతపట్టుకుని నడిచే తెల్ల మట్టలు చాలావరకు మా తోటల నుంచే వెళ్తాయి. వసంతంలో చెట్టు తల మీది ఆకుల్ని కట్టగట్టి, ఎండాకాలం రాగానే దాని మీద నల్ల ముసుగు బిగిస్తాం. లోపల పుట్టే ఆకు వెలుతురు చూడక తెల్లగా పెరుగుతుంది. చలికాలం చివర్లో ముసుగు విప్పి కోస్తాం. ఒకసారి కట్టిన చెట్టు నీరసపడుతుంది కాబట్టి మళ్లీ దాని జోలికి వెళ్లడానికి నాలుగేళ్లు ఆగుతాం. మా తోటలోనే కాదు, కాలవ పక్కనున్న తోటలన్నిట్లో కట్టేదీ కోసేదీ మా అన్నయ్యే. కోసిన మట్టల్ని అల్లేది నేను.

అన్నయ్య కొడుకు బ్లాయ్ చెట్టెక్కడు. వాడి పని చెట్టు మొదట్లో. డ్రిల్లుతో కాండంలోకి ఏటవాలుగా బెజ్జం వేసి, రోగికి సెలైన్ పెట్టినట్టు మందు ఎక్కిస్తాడు. ఎర్ర ముక్కు పురుగు కోసం ఆ మందు. ఖర్జూరానికి ఆకు పుట్టే మొవ్వు ఒక్కటే ఉంటుంది, ఆ పురుగు మొవ్వులో దూరిందంటే చెట్టు పోయినట్టే. పోయిన వసంతంలో మా తోటకి కూడా మందు ఎక్కించడానికి అన్నయ్య ఒప్పుకున్నాడు, అదీ నేను రోజూ పోరుపెట్టగా. బ్లాయ్ ఒక్కటే షరతు పెట్టాడు. మా భోజనాల బల్ల దగ్గరే చెప్పాడు, నేను అక్కడే ఉన్నాను. నా ఓర్చాతా పానీయం గ్లాసులో తాగే గొట్టాన్ని నిలబెట్టి, "చూడు నాన్నా, నోరుపెట్టి పీలిస్తేనే ఇది పైకొస్తుంది. చెట్టుకి ఆ నోరు ఆకే. ఆకు ఎండలో నీళ్లు పీలిస్తేనే మందు మొవ్వు దాకా వెళ్తుంది. మందెక్కించాక మూడు వారాలు ఏ చెట్టూ కట్టకు" అన్నాడు. గొట్టాలతో పాఠాలు చెప్పొద్దనీ, ఆగుతాననీ అన్నయ్య గొణిగాడు. బ్లాయ్ మందు ఎక్కించేసి ఒరివెలా వైపు తోటలకి పనికి వెళ్లిపోయాడు.

ఈ ఫిబ్రవరిలో మొదటి ముసుగు విప్పడానికి ఎక్కిన అన్నయ్య పైనే ఉండిపోయాడు. కింద నుంచి నేనూ, ఒరివెలా పని ముగించుకుని వచ్చిన బ్లాయ్ పిలుస్తున్నా పలకలేదు. కథ అక్కడ ఆపాను.

అన్నయ్య కంటే ముందు వాసన దిగింది. తీపీ పులుపూ కలిసిన కుళ్లు వాసన. అది మా ఊళ్లో తెలియని ముక్కు లేదు. తర్వాత ముసుగు దబ్బున పడింది. ఆ తర్వాత పడాల్సినవి తెల్ల మట్టలు. వాటికోసం నేను దుప్పటి పరిచి ఉంచాను, మట్టి అంటకూడదని. ఆ దుప్పటి మీద పడినవి గోధుమరంగు ముద్దలు. ఒక మట్ట సగం దాకా తెల్లగానే ఉంది, మిగతా సగం చేత్తో పట్టుకుంటే పిండిలా రాలిపోయింది.

అన్నయ్య దిగాడు. నడుముకున్న మోకు కూడా విప్పకుండా బ్లాయ్ దగ్గరికి వెళ్లి, వాడి చెయ్యి తెరిచి, అందులో పీచుతో చుట్టిన ఒక గూడు పెట్టాడు. బ్లాయ్ దాన్ని గోటితో చీల్చాడు. లోపల పురుగు ఇంకా కాళ్లు ఆడిస్తోంది.

"ఇదిగో, నీ మందు" అన్నాడు అన్నయ్య.

ఆ చెట్టు ఫినా చెట్టు. ఫినా మా వదిన, బ్లాయ్ తల్లి. కాపురానికి వచ్చిన ఏడాది ఆ మొక్క తనే నాటింది. ఆవిడ పోయి మూడేళ్లయింది. ఆవిడ పోయాక ఆ చెట్టుకి వంతు రావడం ఇదే మొదటిసారి. ఆ చెట్టు మట్టల్లో పొడుగైనది అల్లి ఆవిడ సమాధి గూటికి కట్టాలని అన్నయ్య ఎప్పటినుంచో అనుకుంటున్నాడు. ఏ అల్లిక వెయ్యాలో కూడా నాతో రెండు మూడుసార్లు మాట్లాడాడు. ఈ ఏడు ఫినాకి మట్ట లేదు. ఇక ఏ ఏడూ ఆ చెట్టు నుంచి మట్ట రాదు.

ఆ వరసలో కట్టిన చెట్లన్నీ అన్నయ్య మధ్యాహ్నం లోపల ఎక్కి విప్పాడు. కాస్త ఆగమంటే వినలేదు. ప్రతి ముసుగుకీ నేను లోపల దణ్ణం పెట్టుకున్నాను, దాని వెనకే వాసన దిగింది. ఒక్కటంటే ఒక్కటి బాగాలేదు.

ఇదంతా పక్క తోట ఆసామి తదేయో గోడ మీద చేతులు పెట్టుకుని చూశాడు. చెడ్డవాడు కాదు. బ్లాయ్ మందుని ముందుగా నమ్మింది అతనే. తన తోటంతా ఎక్కించుకుని, చుట్టుపక్కల వాళ్లని కూడా ఒప్పించాడు. అందుకే ఆ రోజు అతని ముఖం చూడలేకపోయాను. నమ్మించినవాడికి నమ్మినవాడి కంటే ఎక్కువ సిగ్గు. ఆదివారం పూజ అయ్యాక తోటలవాళ్లందరూ కూర్చుంటారనీ, బ్లాయ్ కూడా రావాలనీ చెప్పాడు. ఎందుకో చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. ఒక్క తోట పాడైందని తేలితే వాడి డ్రిల్లుని ఇంకెవరూ తమ చెట్టు మీద పెట్టనివ్వరు. బ్లాయ్‌కి అప్పుడు మిగిలేది చెప్పుల ఫ్యాక్టరీ. అక్కడ అట్టలకి జిగురు రాస్తూ వాడు కొన్నాళ్లు ఎలా ఉన్నాడో నాకు తెలుసు. తలనొప్పితో సాయంత్రాలు మా వంటింట్లో దీపం ఆర్పి కూర్చునేవాడు. ఈ తోటల్లో పని దొరికాకే వాడి ముఖంలో రక్తం కనపడింది.

ఆ రోజు గుడ్డు పొర వేసిన అన్నం చేశాను. కోత మొదలుపెట్టిన రోజున అదే చెయ్యడం మా ఇంటి అలవాటు. పొయ్యి మీద నుంచి దించాక పారెయ్యలేను కదా, తెచ్చి బల్ల మీద పెట్టాను. నేను వండింది ముందు పెట్టుకుని తినకుండా కూర్చునేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఆ రోజు నేనే తినలేదు.

అన్నయ్య మాత్రం మాట్లాడుతూనే ఉన్నాడు. మనిషికి దెబ్బ తగిలితే మానుతుందట, బాదం చెట్టుకో నారింజ చెట్టుకో గాటు పడితే అదీ పూడుకుంటుందట, ఖర్జూరానికి మాత్రం వేసిన బెజ్జం చచ్చేదాకా అలాగే ఉంటుందట. మా తాత కొడవలి జారి పడ్డ గాటు కాలవ దగ్గర చెట్టుకి ఇంకా ఉందట. అలాంటి చెట్టుకి నాలుగు పక్కలా బెజ్జాలు వేస్తే పురుగుకి తలుపు తీసినట్టు కాదా అన్నాడు. అన్నదే అన్నాడు. బ్లాయ్ పళ్లెంలోకి చూస్తూ విన్నాడు.

మా అన్నయ్య కోపం వస్తే నోరు మూసుకునే రకం. ఫినా పోయినప్పుడు కూడా ఫాదర్ గారితో తప్ప ఎవరితోనూ రెండు మాటలు మాట్లాడలేదు. అలాంటివాడు అంతసేపు ఆగకుండా మాట్లాడుతున్నాడంటే నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. పాపం, బాధలో ఉన్నాడనుకున్నాను.

బ్లాయ్ లేచి తోటలోకి వెళ్లిపోయాడు. కాసేపు ఊరుకుని, కాఫీ తీసుకుని నేనూ వెళ్లాను. వాడు ఏడుస్తూ ఉంటాడనుకున్నాను. వాడు తల పైకెత్తి చెట్టు చెట్టుకీ తిరుగుతున్నాడు. ఫినా చెట్టు పక్కదాని దగ్గర ఆగాడు. దాన్ని ఈ ఏడు కట్టలేదు. ఆకులు గొడుగులా విచ్చుకుని, గాలికి కదులుతూ నిక్షేపంలా ఉంది. దాని మొదట్లో కూడా బ్లాయ్ వేసిన బెజ్జాలున్నాయి, బిరడాలు బిగించి.

"అత్తా, కట్టనివన్నీ బాగున్నాయి" అన్నాడు.

అయితే ఏమిటన్నాను. నా బుర్ర అంత త్వరగా పనిచెయ్యదు.

"ఒకే రోజు ఎక్కించాను. ఒకే డబ్బాలో మందు, ఒకే చెయ్యి. కట్టనిదాంట్లో ఒక్క పురుగు లేదు. కట్టినవాటిల్లో ఒక్క చెట్టూ మిగల్లేదు."

తర్వాత నా చెయ్యి పట్టుకుని దుప్పటి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ కుళ్లు ముద్దల్లోంచి ఏరి పక్కన పెట్టుకున్నవి చూపించాడు. కట్టకి బయటి వరసలో ఉన్న ఆకులు. అక్కడ పురుగు పడలేదు, అందుకే రూపం మిగిలింది. నలభై ఏళ్లుగా మట్టలు అల్లుతున్న చేతులు నావి, నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. వసంతంలో మొవ్వులోంచి కత్తిలా పైకొచ్చే ఆకు మూడు వారాలు ఎండలో ఉంటే విచ్చుకుంటుంది, ఈనెకి రెండు వైపులా పచ్చబడుతుంది. ఆ తర్వాత కట్టినా ఆ పచ్చదనం పోదు. ఈ ఆకులు విచ్చుకోలేదు. మడత మడతలాగే ఉంది. వీటిని పైకొచ్చిన వెంటనే కట్టేశారు.

ఆ మడతని నేను వేలితో విప్పి చూశాను, మళ్లీ మూశాను. గ్లాసులో నిలబెట్టిన గొట్టం గుర్తొచ్చింది.

"నేను ఒరివెలా నుంచి వచ్చేసరికి చెట్లు కట్టి ఉన్నాయి. నువ్వు చెప్పినట్టే ఆగానని నాన్న అన్నాడు. నువ్వు చూశావా అత్తా?"

నేను చూడలేదు. ఆ వారాల్లో కంటి ఆపరేషన్‌కి అలికాంతెలో మా పిన్ని కూతురింట్లో ఉన్నాను. వచ్చేసరికి కట్లు పడి ఉన్నాయి. కంటికి గంత కట్టుకుని ఉన్నదాన్ని, ఆకుల గురించి నేనేం అడుగుతాను. చూడలేదురా అన్నాను. వాడు కాఫీ తాగలేదు, గ్లాసు నా చేతికే ఇచ్చేసి నా అల్లిక గదివైపు నడిచాడు. నేను వెనకే పరిగెత్తాను. ఈ వయసులో పరుగేమిటని మీరనొచ్చు, వాడి నడక మీరు చూడలేదు.

అన్నయ్య అల్లిక గదిలో పీట మీద కూర్చుని కొడవలి నూరుకుంటున్నాడు. ఆ రోజు కోయడానికి ఏమీ లేదు. ఆ గది ఈ రోజులకి నిండిపోయి ఉండాలి, తడిగుడ్డల కింద మట్టలు, నీళ్లతొట్లలో మట్టలు, కాళ్లు పెట్టడానికి చోటుండకూడదు. ఇప్పుడు పెట్టగలిగినంత చోటుంది.

బ్లాయ్ గడపలోనే నిలబడ్డాడు.

"నాన్నా, చెట్లు ఎప్పుడు కట్టావు?"

"నువ్వు చెప్పినప్పుడే."

బ్లాయ్ ఆ మడత ఆకు తీసి ఆయన మోకాలి మీద పెట్టాడు. అన్నయ్య దాన్ని చూశాడు. నూరడం ఆపలేదు, కానీ రాయి మీద కొడవలి తప్పుగా పడింది, చప్పుడుని బట్టే తెలిసింది. మా అన్నయ్య చేతిలో కొడవలి అలా పడడం నేను ఎప్పుడూ వినలేదు.

"నాకు చెట్టెక్కడం రాదు. ఆకు చూడడం వచ్చు. నువ్వే నేర్పావు" అన్నాడు బ్లాయ్.

బయట ఎవరో సైకిల్ మీద వెళ్తూ అన్నయ్యని పలకరించి పోయారు. అన్నయ్య కొడవలి కింద పెట్టి, ఆకుని చేతిలోకి తీసుకుని, మడత మీద బొటనవేలితో రాస్తూ కూర్చున్నాడు.

"నువ్వు బండెక్కిన సాయంత్రమే కట్టాను" అన్నాడు.

తొట్టి అంచు పట్టుకుని నిలబడ్డాను.

"అన్నీ కాదు. మీ అమ్మ చెట్టు ఒక్కటే. అప్పటికే దాని మొవ్వు ఇంత పొడుగు లేచింది. నీ మూడు వారాలు ఆగితే విచ్చుకుని పచ్చబడిపోయేది. మళ్లీ నాలుగేళ్లకి గాని దాని వంతు రాదు. అప్పటికి నేనుంటానో లేదో. నేనున్నా ఎక్కగలనో లేదో."

"నాకు చెప్పుంటే ఆ ఒక్కదానికి మందు ఎక్కించేవాణ్ని కాదు. వేరే దారి చూసేవాణ్ని."

"నీకు చెప్పడమేంటిరా. నేనెప్పుడన్నా నీకు చెప్పి చెట్టు కట్టానా?"

అదీ మా అన్నయ్య. తప్పు ఒప్పుకుంటూ కూడా అధికారం వదలడు. కానీ ఆ మాట అన్నాక ఆయన గొంతు తగ్గింది. ఫినా చెట్టు కట్టాక కింద నిలబడి చూశాడట. దానికి ఏమీ కాలేదు. మర్నాడూ ఏమీ కాలేదు. ఒక చెట్టు కట్టాక రెండోదానికి ఎందుకాగాలి అనిపించిందట. ఆ మందు మీద తనకి మొదటినుంచీ నమ్మకం లేదనీ, అది పనిచేసేదే అయితే కట్టు కింద కూడా పనిచేస్తుంది, చెయ్యనిదైతే ఆగినా ఒకటే, ఆగకపోయినా ఒకటే అనుకున్నాననీ చెప్పాడు. వింటుంటే ఆయన్ని కొట్టాలనిపించింది, దగ్గరికి వెళ్లి తల నిమరాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు.

"మరి పొద్దున గూడు నా చేతిలో ఎందుకు పెట్టావు నాన్నా?" అన్నాడు బ్లాయ్. అంత నెమ్మదిగా అడిగాడు, అరిచినా బాగుండేది.

"పైన ఉన్నప్పుడే తెలిసింది. ముసుగు విప్పగానే తెలిసింది. అందుకే దిగలేకపోయాను. దిగేలోపల ఏదో ఒకటి అనుకోవాలి కదా. నీ మందు అనుకున్నాను."

నేను నా సంగతి చెప్తాను. చిన్నప్పటినుంచీ అన్నయ్య అబద్ధం ఆడగా నేను వినలేదు. చెట్టు మీద ఉన్నంతసేపూ ఆలోచించుకుని, కొడుకు చేతిలో పెట్టడానికి ఒక అబద్ధం పట్టుకుని దిగాడంటే, ఆయన ఎంత భయపడి ఉంటాడో నాకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన క్షమించానని కాదు.

బ్లాయ్ ఇంకేదో అడగబోయి ఆగిపోయాడు. వాడి ముఖంలో రంగు మారింది. వాడికి ఏం తట్టిందో నాకు వెంటనే తెలియలేదు.

"మనవేనా?" అన్నాడు.

అన్నయ్య ఆకుని తిరగేశాడు.

"నాన్నా. మనవి ఒక్కటేనా?"

"తదేయోవి కూడా" అన్నాడు అన్నయ్య, నేలకి చెప్తున్నట్టు. "కాలవ పక్కవాళ్లవి కూడా. ఆ వారంలోనే. వరసగా కట్టుకుంటూ పోయాను."

చెప్పాను కదా, ఆ తోటలన్నిట్లో కట్టేది ఈయనే, అందుకే బ్లాయ్ షరతు ఈయనకొక్కడికే చెప్పాడు. ఆసాములు ఎవరూ వచ్చి చూడరు. గాస్పర్ కట్టాడంటే అది కట్టాల్సిన రోజే. మా నాన్న కాలం నుంచీ ఆ నమ్మకం ఉంది. వాళ్ల తోటలకి కూడా అదే వసంతంలో మందెక్కించింది బ్లాయ్. అంటే కాలవకి రెండు పక్కలా ఎన్ని నల్ల ముసుగులున్నాయో అన్నిటి కిందా పురుగు ఉండొచ్చు. ఇంకా ఎవరూ విప్పలేదు. మా తోటలో కోత అయ్యాకే అన్నయ్య వాళ్ల దగ్గరికి వెళ్తాడు, ఏటా అదే పద్ధతి.

బ్లాయ్ అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. తర్వాత గబగబా మాట్లాడాడు. మనవి ఫినా చెట్టు వరసలో కాబట్టి ముందు కట్టినవి, ముందు పోయాయి. మిగతావాళ్లవి కొన్ని ఇంకా మొవ్వు దాకా పోయి ఉండకపోవచ్చు. ఇవాళే ముసుగులన్నీ విప్పించి, తలలోకి పైనుంచి మందు పోస్తే కొన్నయినా నిలబడతాయి. ఒక్కరోజులో అన్నీ కోయలేం, విప్పినవి పచ్చబడి ఈ ఏటి తెల్ల మట్ట పోతుంది, పోతే పోయింది. కానీ మట్టల ఆదివారం ముందు పెట్టుకుని ఏ ఆసామీ ఊరికే ముసుగు విప్పడు. ఎందుకో చెప్పాలి.

"చెప్పు" అన్నాడు అన్నయ్య. "వెళ్లి చెప్పు. గాస్పర్ కట్టకూడనప్పుడు కట్టాడని చెప్పు."

చెప్తే ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు. ఇక ఎవరూ మా అన్నయ్యని తమ చెట్టెక్కనివ్వరు. చెట్టెక్కని గాస్పర్ ఎలా ఉంటాడో నేను ఊహించలేను. ఫినా పోయినప్పుడు ఆయన్ని బతికించింది మోకే. పొద్దున లేవడానికి ఒక చెట్టు ఉండేది. చెప్పకపోతే ఈ ఆదివారం తోటలవాళ్లు కూర్చున్నప్పుడు అందరూ వేలు చూపించేది బ్లాయ్‌ని.

గడప మీద నీడ పడింది. తదేయో. టోపీ తీసి చేత్తో పట్టుకుని ఉన్నాడు. పొద్దున గోడ మీంచి చూసిన మనిషికీ ఈ మనిషికీ పోలిక లేదు, ముఖం అంత పీక్కుపోయి ఉంది. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. విన్నట్టు మాత్రం లేడు. అతను మాట్లాడింది చూస్తే తనంతట తను లెక్క తేల్చుకుని వచ్చినట్టుంది.

ఇంటికెళ్లాక తన తోటంతా తిరిగి చూశాడట. ముసుగు లేని చెట్లన్నీ బాగున్నాయట. ముసుగున్న వాటిలో ఒకదానికి చెవి ఆనించి వింటే లోపల నమలడం వినిపించిందట. మందు చెడ్డదైతే అన్నీ పోవాలి కదా, కట్టినవే ఎందుకు పోతాయని అడిగాడు. తర్వాత అన్నయ్య వైపు తిరిగాడు.

"గాస్పరన్నా, మావి ఎప్పుడు కట్టావు?"

అన్నయ్య లేవబోయాడు. ఆయన నోరు తెరిచే లోపల బ్లాయ్ లేచి ఇద్దరికీ మధ్యన నిలబడ్డాడు.

"తప్పు నాది" అన్నాడు. "మందెక్కించాక మూడు వారాలు కట్టకూడదు. ఆ సంగతి నాన్నకి నేను చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. మరిచిపోయాను. నువ్వు ముందు వెళ్లి ముసుగులు విప్పించు తదేయో, అందరివీ, ఇవాళే. ఆదివారం నేనొచ్చి అందరి ముందూ ఇదే చెప్తాను."

వాడు ఎంత తేలిగ్గా అన్నాడో, ఆ మాట ఎప్పటినుంచో దాచుకున్నట్టు. అన్నయ్య, కొడుకు వీపు వైపు చూస్తూ అలాగే నిలబడ్డాడు. ఒక్క మాట, ఒకే ఒక్క మాట అంటాడేమోనని ఎదురుచూశాను. అనలేదు.

తదేయో వాడిని చాలాసేపు చూశాడు. మందు పని మొదలుపెట్టిన రోజు నుంచీ వాడు ఒక్క బిరడా బిగించడం మరిచిపోగా చూడలేదని అన్నాడు. డ్రిల్లు ములికి కూడా చెట్టు చెట్టుకీ తుడిచేవాడివి, ఇంత పెద్ద సంగతి ఎలా మరిచిపోయావని అడిగాడు. అప్పుడు తదేయో టోపీని అటూ ఇటూ తిప్పుతూ నావైపు తిరిగాడు.

"రెమెయక్కా, మీ ఇంట్లో మాట్లాడుకున్న రోజు నువ్వు ఆ బల్ల దగ్గరే ఉన్నావు. నువ్వే నాకు చెప్పావు, గాస్పర్ ఒప్పుకున్నాడని సంబరపడుతూ. ఆ రోజు వీడు మూడు వారాల సంగతి చెప్పాడా, లేదా?"

తదేయో వెనక నుంచి బ్లాయ్ నావైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. అన్నయ్య తల ఎత్తలేదు. ఇద్దర్నీ నా చేతులతో పెంచినట్టే అనిపించింది ఆ క్షణంలో, కొడుకునీ తండ్రినీ.

"నువ్వు చెప్తే నమ్ముతానక్కా. ఇంకెవరినీ అడగను" అన్నాడు తదేయో.

పట్టుకున్న తొట్టి అంచు వదిలి, తడి చేతులు నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడుచుకుని, నేను అన్నయ్య పక్కకి వెళ్లి నిలబడి, "చెప్పాడు. ఆ బల్ల దగ్గరే చెప్పాడు" అన్నాను.